పిట్ట వైపు, పువ్వు వైపు

ఆ ఆఫీసులో పొద్దున్నే మొదటి పని టీ, రెండోది కళ్ళజోళ్ళు తుడుచుకోవడం. ఆ తర్వాతే నాణేలు. భూతద్దం ఆయన అరుగుదల చూసి మార్కు వేస్తాడు. లేబులమ్మ ఏ ఏడాదిదో, ఏ సిరీస్‌దో చీటీ మీద కొట్టి, నాణెంతో కలిపి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేస్తుంది. సిరీస్ పేరుకి ఒక్కటే గడి. రెండు సిరీస్‌లు కలిసిన నాణెం వస్తేనే చిక్కు. చీటీ మీద పేరున్న వైపే నిలుస్తుంది, రెండో వైపు డబ్బాలోనే మెల్లగా అరిగిపోతుంది. ఇనుముకి తుప్పు పట్టినట్టే అదీను.

ఆ రోజు ముసలి దంపతులొచ్చారు. ఆయన టంకశాలలో అచ్చులు చెక్కి రిటైరైన మనిషి, మహా మొండి. ఆవిడ పర్సులోంచి తీసిన నాణేనికి ఒక వైపు ఆయన చెక్కిన పిట్ట, రెండో వైపు కూతురు చెక్కిన పువ్వు. సిరీస్ మారే వారంలో పాత అచ్చూ కొత్త అచ్చూ పొరపాటున ఒకే యంత్రంలో పడి పుట్టిందది. మిగతా పిట్టల్నీ పువ్వుల్నీ ఎప్పుడో కరిగించేశారు.

ఆయన దగ్గరే పని నేర్చిన ఆ పిల్ల, కొత్త సిరీస్‌కి ఆయన పిట్టని తప్పించి తన పువ్వుని ఒప్పించుకుంది. "నేను నేర్పినదాంట్లో ఒక్క గీతైనా ఉంచిందా?" అని ఆయన కూతురితో మాట మానేశాడు. పువ్వు వైపు కన్నెత్తి చూడలేదు. ఆ ఏడాదే జ్వరమొచ్చి పిల్ల పోయింది. తర్వాత ఇంట్లో దాని పేరే ఎత్తనివ్వలేదు. తల్లి మాత్రం ఆ పువ్వుని వేలితో తడిమీ తడిమీ సగం అరగదీసింది. అందుకే ఈ సీలు.

"రూలు ప్రకారం పాత సిరీస్ పేరే వేస్తామండీ. పిట్ట ఉంటుంది" అంది లేబులమ్మ.

"రెండూ వేయకూడదా అమ్మా?"

"కుదరదమ్మా. మీరు అడిగితే ఒకటి తీసి ఒకటి వేస్తాను, అంతే."

ఆవిడ నాణెం మీది పువ్వుని మళ్ళీ వేలితో తడిమింది. ఆయన పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. జన్మంతా చెక్కినవాటిలో మిగిలిన పిట్ట అదొక్కటే.

"పువ్వని వేయండి" అన్నాడు చివరికి. "నాది పోతే పోనీ."

"ఏవండీ..."

"ఇంక పద, ఆలస్యమవుతోంది" అని విసుక్కున్నాడు. ఏడుపొస్తే విసుక్కోవడం ఆయనకి అలవాటు.

ఇంట్లో డబ్బాని కిటికీలో నిలబెట్టారు. పువ్వు ఆవిడ కుర్చీ వైపు, పిట్ట ఆయన కుర్చీ వైపు. పిట్టకి ముందు ఈకలు పోయాయి, తర్వాత ముక్కు, ఆ తర్వాత కన్ను. చలికాలానికి ఆ వైపంతా నున్నగా అయిపోయింది. అయినా ఆగక ఇంకా లోపలికి అరిగింది. ఒక ఉదయం ఆయన పేపరు మడిచి తలెత్తేసరికి, అరిగిన లోహంలోంచి పువ్వు వెనక వైపు కనబడింది, కుడిఎడమలు తారుమారై, గుంటలు పడి.

అచ్చులో చెక్కేది అలాగే. నాణెం మీద సవ్యంగా పడాలంటే అచ్చులో తిరగేసి చెక్కాలి. కూతురు బల్ల మీద వంగి చేసిన పని, చేసింది చేసినట్టు, ఆయన కళ్ళ ముందుంది. ప్రతి రేకు చివరా ఉలి కాస్త తిప్పి వదిలిన కొక్కెం ఉంది. పిట్ట ఈకలకి ఆయన వేసే కొక్కెమే.

ఆయన కళ్ళజోడు తీసేసి ఏడ్చాడు. ఆ చప్పుడుకి ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"ఇలా వచ్చి కూర్చో. నేను మాట్లాడని ఆ రోజుల్లో బుజ్జి నీతో ఏమేం చెప్పేది?"

ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.

"రోజూ ఒకటే అడిగేదండీ. నాన్న చూశారా అని."