లోపల పొడి

గాలి.

జూన్ నెల గాలి. వాన తేని గాలి.

ఎర్రమట్టిని లేపి, పళ్ల మధ్య పోసి, రెప్పల మీద పూసి, పడమటి నుంచి తూర్పుకు పోయే గాలి.

రూతు కెమెరాను కొంగులో చుట్టి పొట్టకు ఆనించుకుని నిలబడింది. గాలి ఆగేదాకా నిలబడదామనుకుంది.

గాలి ఆగలేదు.

అది రెండు వేల ఒకటో సంవత్సరం. అనంతపురం చుట్టూ చెనిక్కాయ చేలు మొలిచి, పూసి, కాయ కట్టే ఊడ నేలలోకి దిగకుండానే ఎండిపోతున్న ఏళ్లలో ఒకటి. రూతుకు నలభై దగ్గర పడుతున్నాయి. పెళ్లి చేసుకోలేదు. కోర్టు రోడ్డు వెనక ఒక గది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు పని.

పగలంతా ఊరు ఊరంతా ఆమె చెవుల్లోంచి మాట్లాడుకునేది. పురుడొచ్చిందని ఒకరు. లారీ బోల్తా పడిందని ఒకరు. అన్నీ ఆమెలోంచే పోయేవి... ఏదీ ఆమెది కాదు. ఆమె చెప్పే మాట ఒక్కటే.

“లైన్ కలిసింది, మాట్లాడండి.”

వాళ్లు మాట్లాడేవాళ్లు. ఆమె వినడం మానేసేది.

సాయంత్రం గదికొస్తే మాట్లాడండి అనేవాళ్లు లేరు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, టవర్ క్లాక్ పక్క సందులో, శ్రీరంగప్ప స్టూడియో అద్దం వెనక పాత కెమెరా ఒకటి చూసింది. కొనేసింది. ఎందుకు కొన్నదో అప్పుడు తెలీదు. తర్వాత తెలిసింది.

ఊరి బయట గుట్టల్లో ఒక ఆడమనిషి ఊరికే తిరుగుతుంటే జనం ఆగి చూస్తారు. మెడలో కెమెరా ఉంటే పని మీద తిరుగుతోందనుకుంటారు.

ఒంటరితనానికి అదొక నెపం. మెడలో వేలాడే నెపం.

*

ఆదివారాలు స్టూడియోలో గుంపు చేరేది. గుంపంటే ముగ్గురే.

రూతు. స్టూడియో యజమాని శ్రీరంగప్ప. తాడిపత్రి నుంచి తొలి బస్సులో వచ్చే గంగాధరప్ప.

గంగాధరప్ప బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నల్లబండలు కోసి, అద్దంలా నునుపు చేసే చోట పాతికేళ్లుగా పని. ఎంత స్నానం చేసినా చెవుల మడతల్లో తెల్లటి పొడి ఉండేది. మెడలో మాత్రం పెద్ద కెమెరా. బెంగళూరులో ఎవరో పత్రిక ఫొటోగ్రాఫరు వాడి అమ్మింది.

“సూడు రూతమ్మా,” అన్నాడు మొదటిరోజే. “సందు సందుకీ రబ్బరు ఉండాది. దుమ్ము పోదు, నీళ్లు పోవు. వానలో నిలబడి ఫొటో తీసినా దీనికేమీ గాదు.”

“దుమ్ము సరే. వాన యాడ తెస్తావప్పా?” అన్నాడు శ్రీరంగప్ప.

ముగ్గురూ నవ్వినారు.

నవ్వినాక రూతుకు తట్టింది — తను నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు రావడం లేదని.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అట్లనే. శ్రీరంగప్ప కింద ట్యూబ్‌లైటు ఉన్న గాజుబల్ల మీద ఫొటోలు పరిచేవాడు. ఒకే గుట్ట. ఒకే పూట. రెండు కెమెరాలు. భూతద్దం చేతులు మారేది.

“నీ లెన్సు సల్లగుండాది రూతమ్మా. నాది కోసినట్లుండాది.”

“కోసినట్లుంటే ఏం లాభమన్నా? నీ గుట్టలో నీడంతా నల్లగా సచ్చిపోయింది. నా గుట్టలో సూడు, నీడలో కూడా రాళ్లుండాయి.”

“అది లెన్సు గొప్ప గాదు, ఎండ గొప్ప.”

“ఎండ ఇద్దరికీ ఒకటే కదన్నా!”

అంతే. అదే మాట. అటు తిప్పి, ఇటు తిప్పి, మధ్యాహ్నం దాకా అదే మాట.

పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరూ అడగలేదు. ఏ కులం మనుషులని, ఏ పేట అని అడగలేదు. గాజుబల్ల చుట్టూ మూడు తలలు వంగి... గుట్టల గురించి, గాజు గురించి, వెలుతురు గురించి.

రూతు లెన్సుల మాటలన్నీ నేర్చుకుంది. ఫొటోల కోసం కాదు. ఆ మాటలు వస్తే ఇంకో గంట అక్కడ కూర్చోవచ్చు.

*

తర్వాతి ఏడాది వాన లేదు. ఆ తర్వాతి ఏడాదీ లేదు.

ఆ ఏడాదే ఎక్స్ఛేంజిలో ఊరికీ ఊరికీ లైన్లు కలిపే ట్రంకు బోర్డు పీకేసినారు. సందు సందుకీ ఎస్టీడీ బూతు వచ్చాక కలిపేవాళ్లతో ఏం పని? రూతును బిల్లుల సెక్షనులో ఒక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టినారు. చెవుల్లోంచి ఊరు వెళ్లిపోయింది.

నిశ్శబ్దం. ఫ్యాను శబ్దం. మళ్లీ నిశ్శబ్దం.

ఆదివారం కోసం సోమవారం నుంచే చూసేది.

అప్పుడే గంగాధరప్ప ఫొటోలు మసకబారడం మొదలైంది.

ముందు ఒకటి. తర్వాత రెండు. గుట్ట అంచు రెండు గీతలైంది. తుమ్మచెట్టు రెండు చెట్లైంది. గాజుబల్ల మీద ఆయన ఫొటోలు ఆమె ఫొటోల పక్కన నీళ్లలో చూసినట్టున్నాయి.

“లెన్సు సెడిపోయినట్లుండాది,” అన్నాడు గంగాధరప్ప.

“రబ్బరు అరిగి లోపలికి దుమ్ము పోయింటాది. నేను ముందే సెప్పలా?” అన్నాడు శ్రీరంగప్ప.

రూతు గంగాధరప్ప దగ్గు వింది. చిన్న దగ్గు. పొడి దగ్గు. మాటకూ మాటకూ మధ్య, ఫుల్‌స్టాపు పెట్టినట్టు.

ఆ వారం రూతూ గంగాధరప్పా శింగనమల కాడ బస్సు దిగి గుట్టలకేసి నడిచినారు. కొంచెం ఎత్తు. చిన్నపిల్లలు పరుగెత్తి ఎక్కేంత ఎత్తు. గంగాధరప్ప మూడుచోట్ల ఆగినాడు. ఆగిన ప్రతిసారీ ఏదో బండను చూపించి, “ఇది బాగుండాది కదా,” అన్నాడు.

ఆ బండల్లో ఏమీ లేదు. ఆమెకూ తెలుసు.

పైకెక్కి కెమెరా కంటికి పెట్టినాడు. ఆయన భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. కెమెరా లేస్తోంది, దిగుతోంది. క్లిక్.

“ఒకసారి నీ కెమెరా ఇట్లియ్యన్నా,” అంది రూతు.

అదే చోట నిలబడింది. అదే గుట్ట. అదే లెన్సు. క్లిక్.

తర్వాతి ఆదివారం శ్రీరంగప్ప ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టినాడు.

ఆయన తీసింది — రెండు గీతల గుట్ట.

ఆమె తీసింది — కోసినట్టున్న గుట్ట. అంచు మీద గడ్డిపోచ కూడా లెక్కపెట్టేట్టు.

భూతద్దం ఎవరూ అడగలేదు.

లెన్సు బాగుంది. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ట్యూబ్‌లైటు కిందినుంచి ముగ్గురి మొహాల మీద తెల్లగా పడుతోంది. ఎందుకు తీశాను, ఎందుకు పక్కన పెట్టనిచ్చాను అనుకుంది రూతు.

“అట్లయితే లెన్సుకేమీ గాలేదు,” అన్నాడు గంగాధరప్ప చివరికి. “మంచిదే కదా.”

కెమెరా సంచీలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సు దాకా ఉండకుండా పోయినాడు.

మళ్లీ రాలేదు.

*

రూతు ఎదురు చూసింది. శ్రీరంగప్ప గాజుబల్ల తుడిచి పెట్టేవాడు. ఇద్దరే కూర్చునేవాళ్లు. ఒకే గుట్ట, ఒకే కెమెరా. దేనితో పోల్చాలి?

“పోయి సూసిరా మేడం,” అన్నాడు శ్రీరంగప్ప ఒకరోజు. “నాకు మనసు రావడంల్యా.”

తాడిపత్రిలో బస్సు దిగితే కాళ్ల కింద నేల తెల్లగా ఉంది. చెట్లు తెల్లగా. కాలువలో నీళ్లు పాలలాగా. ఎక్కడో రంపం రాయిని కోస్తూనే ఉంది.

గంగాధరప్ప భార్య లక్ష్మక్క తలుపు తీసింది. “నువ్వేనా రూతమ్మ? ఆదివారమొస్తే నీ మాటే సెప్తాడు. రా తల్లీ.”

ఆయన మంచం మీద గోడకానుకుని కూర్చునున్నాడు. పడుకుంటే ఊపిరాడదట. రాత్రులు కూడా కూర్చునే నిద్రట. కర్నూలు పెద్దాసుపత్రిలో ఫొటో తీసినారట — ఛాతీ ఫొటో. లక్ష్మక్క కవరు తెచ్చి ఇచ్చింది. రూతు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

ఎన్నో నెగెటివులు చూసిన కళ్లు. ఇట్లాంటిది చూడలేదు. పక్కటెముకల వెనక తెల్లటి చుక్కలు. మొగులు పట్టని రాత్రి ఆకాశంలో చుక్కల్లాగా... ఊపిరితిత్తుల నిండా.

“రాతిపొడి,” అన్నాడు గంగాధరప్ప. “పాతికేండ్లది. శానా నున్నంగా అరిగింటాది లోపల.”

నవ్వబోయినాడు. నవ్వు దగ్గైంది. దగ్గు చాలాసేపు ఆయన్ని వదల్లేదు. లక్ష్మక్క వీపు రాస్తూ నిలబడింది.

“కెమెరా సేసినోళ్లు ఎంత తెలివైనోళ్లు సూడు,” అన్నాడు ఊపిరి తీసుకుని. “గాజుముక్క కోసం సందు సందుకీ రబ్బరు పెట్టినారు. మా ఫ్యాక్టరీలో ముక్కుకి గుడ్డ కూడా ఇయ్యలా.”

తర్వాత సంచీ ఆమె వైపు జరిపినాడు.

“తీసుకపో. వానొస్తే తడుపు. నిజంగా తట్టుకుంటాదో లేదో సూసి సెప్పు.”

“నువ్వే తడుపుదువులే అన్నా.”

“సరేలే. అంతవరకు నీ కాడుండనీ.”

తిరుగు బస్సులో కెమెరా ఒళ్లో బరువుగా ఉంది. తన కెమెరా మెడలో ఉంది. రెండు కెమెరాలు. మనిషి ఒకటే.

*

వాన వచ్చింది.

పంటకు పనికిరాని కాలంలో, ఎవరూ అడగనప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ముందు వాసన. తర్వాత చల్లటి గాలి. తర్వాత రూకలంత చినుకులు, దుమ్ములో గుంటలు పెడుతూ.

జనం అంగళ్ల చూరుల కిందికి పరుగెత్తినారు. రూతు గంగాధరప్ప కెమెరాతో చూరు కిందినుంచి బయటికి నడిచింది.

“ఏయమ్మా, తడుస్తాండావు! కెమెరా పాడైతాది!” ఎవరో అరిచినారు.

“కాదప్పా,” అంది. “దీనికేమీ గాదంట.”

నార్పల రోడ్డెక్కి నడిచింది. కెమెరా ఎత్తింది. లెన్సు మీద నీళ్లు. తుడిచింది. మళ్లీ నీళ్లు. ఎర్రనేల మీద నీటి తీగలు పుట్టి, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ, కలిసి, పారుతున్నాయి. ఎండిపోయిన చెనిక్కాయ చేలో ఒక ముసలాయన నెత్తిమీది గుడ్డ తీసేసి నిలబడున్నాడు. ఊరికే నిలబడున్నాడు. మొహం పైకెత్తి.

క్లిక్.

పనిచేస్తోంది! ఎంత తడిసినా పనిచేస్తోంది.

“అన్నా, సూడు—” అంటూ పక్కకు తిరిగింది.

పక్కన వాన.

అప్పుడు ఏడ్చింది. వానలో ఏడవడం సులువు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఏడుస్తూనే రీలు మొత్తం తీసింది.

శ్రీరంగప్ప మరుసటి రోజు అంగడి తెరవకుండానే, తలుపులు మూసుకుని ఆ రీలు కడిగినాడు. డబ్బుల మాట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టినాడు.

*

తాడిపత్రిలో వాన పడలేదు. బస్సు దిగితే నేల అట్లనే తెల్లగా ఉంది.

గంగాధరప్ప ఇంకా చిక్కినాడు. ముక్కులో గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు. రూతును చూసి, కెమెరా ఏమైందని కళ్లతోనే అడిగినాడు. ఎట్లుండావని ఆమె అడగలేదు. ఆయనా అడగలేదు. వాళ్లు ఎప్పుడూ అట్లా మాట్లాడుకోలేదు.

కెమెరా ఆయన చేతిలో పెట్టింది.

ఆయన వెనక మూత తెరిచినాడు. చూపుడువేలు లోపల మూలమూలకీ పెట్టి తిప్పినాడు. వేలు వెలుతురుకు పట్టుకుని చూసుకున్నాడు.

“తడి లేదు,” అన్నాడు.

మళ్లీ ఊపిరి కూడగట్టుకుని, “దీని లోపలా పొడే. నా లోపలా పొడే,” అన్నాడు.

ఈసారి దగ్గు రాలేదు. నవ్వే వచ్చింది.

ఫొటోలు ఒక్కొక్కటే చూసినాడు. నీటి తీగల దగ్గర ఆగినాడు. ముసలాయన దగ్గర శానాసేపు ఆగినాడు. “నీడలో కూడా రాళ్లు కనపడతాండాయి. నా లెన్సుతో నువ్వెట్ల తీసినావు రూతమ్మా?”

“మొగులన్నా. ఎండ లేదు గదా.”

“సరే. ఈ సారికి ఎండ గొప్ప గాదు.”

ఆమెకు ఆదివారం వచ్చినట్టైంది. ఫొటోలు మళ్లీ వరసగా సర్దింది.

ఇంతసేపూ గుమ్మం దగ్గర నిలబడ్డ లక్ష్మక్క అప్పుడు లోపలికొచ్చింది. పైట సర్దుకుంది. అడగాలా వద్దా అన్నట్టు మొగుడి వైపు చూసి, రూతు వైపు చూసింది.

“ఈయప్ప ఇన్నేండ్లు గుట్టలు తీసినాడు, బండలు తీసినాడు. మేమిద్దరం కలిసి ఒక్కటీ తీయించుకోలా. తీస్తావా తల్లీ?”

గంగాధరప్ప గోడకు సర్దుకుని కూర్చున్నాడు. లక్ష్మక్క దువ్వెన తెచ్చి ఆయన తల దువ్వింది. గొట్టం తీసేదానికి చెయ్యి పెట్టింది. ఆయన ఉండనీ అన్నట్టు తలాడించినాడు. ఆమె పక్కన కూర్చుంది. కొత్తగా, ఎవరింట్లోనో కూర్చున్నట్టు.

గదిలో వెలుతురు చాలదు. కిటికీ ఒక్కటే. ఇంత తక్కువ వెలుతురులో మనిషి కదిలితే మొహం నిలవదు.

“కదలకుండా ఉండాల్నా?” అడిగింది లక్ష్మక్క.

“వద్దక్కా. ఊరికే ఉండండి. నేను చూసుకుంటా.”

రూతు మెడలోని తన కెమెరా కంటికి పెట్టింది. గంగాధరప్ప భుజాలు లేచినాయి. దిగినాయి. లేచినాయి. లక్ష్మక్క చెయ్యి మెల్లగా పాకి ఆయన మోకాలి మీద ఆగింది. ఆయన ఆ చెయ్యి వైపు చూసినాడు, ఎవరిదన్నట్టు. తర్వాత కెమెరా వైపు చూసినాడు.

ఒక ఊపిరి పోయి ఇంకో ఊపిరి వచ్చే లోపల చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో మనిషి నిశ్చలంగా ఉంటాడు.

ఊపిరి వచ్చింది.

పోయింది.

రూతు వేలు మీట మీద ఉంది. నొక్కలేదు.

ఇంకొక ఊపిరి రానీ అనుకుంది... ఇంకొకటి.