నాలుగో సీటుకు నాలుగు పరికరాలు

చందర్ గురి తప్పితే తప్పు ఎప్పుడూ చందర్‌ది కాదు. మొదట టేబుల్‌ది. తర్వాత ఫ్యాన్ గాలిది. ఆ తర్వాత హైవే మీద పోయే చెరకు లారీలది. అవి పోతుంటే భవనం అదిరి బంతి జరుగుతుందని అతని వాదన. అదే భవనంలో, అవే లారీలు పోతుండగా, మిగతావాళ్ల బంతులు మాత్రం బుద్ధిగా పాకెట్‌లో పడేవి.

జహీరాబాద్‌లో టైర్ల దుకాణం పైన ఉంది, కర్రతో బంతుల్ని టేబుల్ అంచుల పాకెట్లలోకి కొట్టే ఆ పూల్ పార్లర్. యజమాని మదన్‌మోహన్. సంగారెడ్డిలో జరిగే పోటీకి నలుగురి జట్టును పంపుతున్నాడు. ముగ్గురు ఖాయమయ్యారు. నాలుగో చోటు కోసం ఆదివారం చందర్‌కూ, విత్తనాల దుకాణంలో పనిచేసే శ్రుతికీ మధ్య ఒక్క ఆట. గెలిచినవాళ్లు కారెక్కుతారు. ఓడినవాళ్లు చెయ్యి ఊపుతారు.

చందర్‌కు ఆ సీటు కావాలి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో అతను టెస్ట్ డ్రైవర్. కొత్తగా తయారైన ట్రాక్టర్‌ను ట్రాక్ మీద తిప్పి, గేర్లన్నీ వేసి చూసి దిగిపోవడం ఉద్యోగం. ఆ ట్రాక్టర్లు లారీలెక్కి దేశమంతా పోతాయి. చందర్ మళ్లీ అదే ట్రాక్ మీద గుండ్రంగా తిరుగుతాడు. ఒక్కసారైనా ఊరి పేరున్న టీషర్టు వేసుకుని బయటి ఊళ్లో ఆడాలని నడివయసులో పుట్టిన కోరిక. సిగ్గుతో భార్య గ్లోరీకి కూడా చెప్పలేదు. టీషర్టు కొలతలు మాత్రం మదన్‌మోహన్‌కు ముందే ఇచ్చేశాడు.

మదన్‌మోహన్ ఫోన్‌లో వీడియోలు చూసి కోచ్ అయిన మనిషి.

"అన్నా, నీ చేతిల దమ్ముంది. స్టాన్సే లేదు" అన్నాడు.

"స్టాన్స్ అంటే?"

"నిలబడే తీరు."

"పుట్టి బుద్ధెరిగినప్పటిసంది నిలబడుతనే ఉన్న గదా, మదన్."

"అందరు గట్లనే అనుకుంటరు, అన్నా. ఫికర్ జెయ్యకు. సామాన్ తెప్పిస్త."

సామాను వచ్చింది. క్యూ కర్రకు తగిలించే లేజర్ దీపం: బంతి ఎటు పోవాలో ఎర్ర గీత చూపిస్తుంది. మోచేతిని భుజానికి బిగించే పట్టీ: చెయ్యి పక్కకు పోనివ్వదు. పాదాల గుర్తులు అచ్చువేసిన చాప: వాటిమీద నిలబడితే చాలు, ప్రపంచ స్థాయి స్టాన్స్. చివరగా ఒక ప్లాస్టిక్ గొట్టం: కర్రను దాని అంచులకు తగలకుండా ముందుకూ వెనక్కూ ఆడించాలి. డబ్బా మీద చాంపియన్ లాంటి తెల్లాయన నవ్వుతున్నాడు. అతనికి పట్టీ లేదు, చాప లేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

చందర్ రోజూ డ్యూటీ దిగి వచ్చి పట్టీ కట్టుకునేవాడు. చేయి విరిగి దవాఖాన నుంచి నేరుగా వచ్చినట్టు కనిపించేవాడు. కానీ అద్భుతం, బంతులు పడ్డాయి! పట్టీ, లేజర్, చాప ఉన్నంతసేపు వరసగా పడ్డాయి. అవి తీసేస్తే మళ్లీ పాత చందరే.

"సామాన్ పనిజేస్తుంది. నువ్వే చేస్తలేవు" అని మదన్‌మోహన్ తేల్చాడు.

శ్రుతి దగ్గరున్న ఏకైక పరికరం నీళ్ల బాటిల్. దాంతో ఆమె నీళ్లు తాగేది.

ఆదివారం వచ్చింది. పోటీ నిబంధనల ప్రకారం పరికరాలన్నీ మూలకు చేరాయి. కవచాలు ఊడదీసిన సైనికుడిలా చందర్ టేబుల్ ముందు నిలబడ్డాడు. శ్రుతి రెండు బంతులు వేసి మూడోది తప్పింది. చందర్ వంగాడు. పాకెట్ నోటిదగ్గరే ఉన్న బంతి. కొట్టాడు. అది పాకెట్ అంచు తగిలి, తనకేమీ సంబంధం లేనట్టు వెనక్కి వచ్చింది.

"మోచెయ్యి!" అని అరిచాడు మదన్‌మోహన్.

మళ్లీ వంతు వచ్చింది. మళ్లీ తప్పాడు.

"గదువ కిందికి!"

మరోసారి తప్పాడు. కోచ్ దగ్గర శరీర భాగాలు అయిపోవస్తున్నాయి. శ్రుతికి ఇక ఒక్క బంతి, దాని తర్వాత గెలుపు తేల్చే నల్ల బంతి మిగిలాయి. అదృష్టం కొద్దీ మూడు పడినా, చందర్‌వి ఇంకా నాలుగున్నాయి.

అప్పుడు చర్చి నుంచి నేరుగా వచ్చిన గ్లోరీ మెట్లెక్కి, బెంచీ మీద కూర్చుని, మొగుడు ఇంకో బంతి తప్పడం చూసింది. పక్కనున్న శ్రుతిని అడిగింది.

"ఏమ్మా, గాయన క్లచ్ ఎందుకు తొక్కుతుండు?"



"క్లచ్చేంది?" అన్నాడు చందర్.

"ఎడమకాలు జూస్కోరాదయ్యా. కట్టె కదిలే ముంగట తొక్కుతున్నవ్. ఇంట్ల టీవీ ఛానల్ మార్చేటప్పుడు గూడ తొక్కుతవ్. నీకు ఎరుక లేదా?"

"అన్నా, జర కొట్టు, జూద్దాం" అంది శ్రుతి. ఆమె వంతు వచ్చినా ఆడలేదు. ఆసక్తి అలాంటిది.

చందర్ ఉత్తినే వంగి కర్ర ఆడించాడు. అందరూ అతని బూటు వైపు వంగారు. కర్ర కదలబోయే క్షణాన ఎడమపాదం నేలను అదిమింది. దాని వెంట ఎడమ భుజం కుంగింది. దాని వెంట కర్ర మొన దిగింది. ఏళ్ల తరబడి ట్రాక్టర్ గేరు మార్చిన కాలు. చెయ్యి ఏ పని మొదలుపెట్టినా ముందు తన పని తాను చేసేది. లేజర్ కర్రను చూసింది. పట్టీ మోచేతిని పట్టుకుని కర్ర మొన దిగకుండా కాసింది. చాప మీద పాదం సరిగ్గా గుర్తులోనే ఉంది. అది అక్కడ ఏం చేస్తోందని ఎవరూ అడగలేదు.

"గదే నేను మొదట్నుంచి చెప్తున్న! స్టాన్స్!" అన్నాడు మదన్‌మోహన్.

"ఎడమకాలి వేళ్లు పైకి లేపి మడమ మీద నిలబడయ్యా" అంది గ్లోరీ. "ఇగ తొక్కెటందుకు రాదు."

శ్రుతి తన వంతు ఆడింది. నవ్వు ఆపుకోలేక తప్పింది.

"వదినా, నా ఆట ఖరాబ్ జేసినవ్" అని నెత్తి కొట్టుకుంది.

చందర్ వేళ్లు లేపి, మడమ మీద నిలబడి వంగాడు. చాప మీద ఎక్కడా అచ్చువేయని భంగిమ. కొట్టాడు. బంతి పడింది. ఇంకోటి పడింది. కర్రతో కొట్టే తెల్ల బంతి టేబులంతా పిచ్చిగా తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. మూడోది, నాలుగోది కూడా పడ్డాయి. శ్రుతి నవ్వు ఆగిపోయింది.

నల్ల బంతి ఒక్కటే. తెల్ల బంతి, నల్ల బంతి, మూలనున్న పాకెట్, మూడూ ఒకే గీత మీద. చిన్నపిల్లలు కూడా వేసే బంతి. సంగారెడ్డి ఆ రంధ్రంలో ఉంది.

అతను వంగాడు. కాలు కదల్లేదు. భుజం కుంగలేదు. కర్ర సూటిగా, జీవితంలో మొదటిసారి అంత సూటిగా వెళ్లింది. నల్ల బంతి పాకెట్ మధ్యలో పడింది.

"భలే!" అని ఎవరో అరిచారు.

తెల్ల బంతి ఆగలేదు. ఇన్నేళ్లూ సగం బలాన్ని క్లచ్ మింగేసేది కాబట్టి చందర్ ఎప్పుడూ రెట్టింపు బలంతో కొట్టేవాడు. ఈసారి మింగేవాళ్లు లేరు. తెల్ల బంతి నల్ల బంతి వెనకే, దారి తెలిసినట్టు, అదే పాకెట్‌లోకి దిగింది. నల్ల బంతితో పాటు తెల్లది పడితే ఆట ఓడినట్టే.

సీటు శ్రుతిది.

చందర్ పాకెట్‌లోకి చూస్తూ నిలబడ్డాడు. మొహం ఎండకు వాడిన అల్లం ఆకులా ఉంది.

"మస్తు సీదా కొట్టినవన్నా, నిజంగ" అంది శ్రుతి. ఆ మాట అన్నాక అతని మీద జాలి కలిగి తల దించుకుంది.

"పోనీ తియ్యి. తినొచ్చినంక మళ్ల ఆడుకుందువు, అట్లనే మడమ మీద" అని గ్లోరీ అతని భుజం తట్టింది. "పా ఇంటికి."

చందర్ కదలబోయాడు. మదన్‌మోహన్ ఫోన్ తీసి అడ్డం వచ్చాడు.

"అన్నా, సామాన్ పనిజేసింది, చూసినవా? గిప్పుడు నీకు తక్లీఫ్ ఒక్కటే, బలం ఎక్కువైంది. దానికి గూడ ఒకటుంది. కర్రకు తొడిగే బరువు."

గ్లోరీ నడుం మీద చేతులు పెట్టుకుంది.

చందర్ ఆమె వైపు చూడలేదు.

"ఎప్పుడొస్తది?" అన్నాడు.