రొజాలియా కుడిచెయ్యి

ఓడ్రా నది ఒడ్డున ఉన్న ఆ జిల్లాను ఏలినవాళ్లు మారినప్పుడల్లా కచేరీ మీద బోర్డు మారేది, ఊరి పేరు మారేది, చివరికి మనుషులనూ పేర్లు మార్చుకోమనేవాళ్లు. జర్మన్లు ఉన్నన్నాళ్లూ పోలిష్ మాట వినబడితే తంటా. యుద్ధం ముగిసి పోలండ్ వచ్చాక జర్మన్ అక్షరం కనబడితే తంటా. ఇప్పుడు ఆ జిల్లాయే లేదు, పక్క జిల్లాలో కలిపేశారు. పీడా పోయిందనుకుంటే ఇంటింటికీ తిరిగే కమిటీ ఒకటి వచ్చిపడింది.

ఆ కమిటీ మనిషి వీళ్లు పోలిష్‌వాళ్లేనంటే ఇంట్లో ఉండొచ్చు. జర్మన్లంటే మూటాముల్లె సర్దుకుని నది దాటాల్సిందే. రొజాలియా భయం ఇంటి కోసం కాదు. మొగుడు విక్టోర్‌ను రష్యన్లు బొగ్గు గనులకు పట్టుకుపోయారు. బతికుంటే ఈ గుమ్మానికే వస్తాడు. తాను లేకపోతే ఆ పిచ్చి మారాజు ఎక్కడని వెతుక్కుంటాడు?

అందుకే వంటింటి డబ్బాల మీది జర్మన్ అక్షరాలన్నీ కత్తితో గీకేసింది. మామగారి సమాధి రాయినీ వదల్లేదు.

"ఉప్పు డబ్బా మీద ఉప్పని రాసుంటే దేశం మునిగిపోతుందటే?" అంది అత్త అగ్నేష్కా.

"మునిగేది దేశం కాదత్తా, మనం."

"మీ మామ రాయి బోడిగా చేశావు. రేపు ఆయన లేచొస్తే ఎక్కడ పడుకోవాలో తెలీక నీ మంచమెక్కుతాడు చూడు."

తలుపు చప్పుడైంది. రొజాలియా తెరిచింది. ఎదురుగా బూట్లు, టోపీ, తోలుసంచీ. అంతే, ఆమె కుడిచెయ్యి దానంతటదే చాచుకుని పైకి లేచింది.

అది జర్మన్ల సలాము. పోస్టాఫీసులో, కొట్లో, బడి దగ్గర, టోపీ పెట్టుకున్న ప్రతివాడికీ ఏళ్ల తరబడి ఎత్తిన చెయ్యి. ఎత్తనివాళ్లు ఏమయ్యారో ఊరంతా చూసింది. బుర్ర మరిచిపోయినా పాడు చెయ్యి మరవలేదు. రొజాలియాకు పైప్రాణాలు పైనే పోయాయి.

ద్వారబంధానికి పవిత్రజలం గిన్నె వేలాడుతోంది. లేచిన చేతిని అటు తిప్పి, వేళ్లు ముంచి, వచ్చినవాడి మొహాన చిలకరించింది. "యేసు ప్రభువుకు స్తోత్రం" అని పోలిష్‌లో గొణిగింది.

కమిటీ మనిషి మొహం తుడుచుకున్నాడు. "ఏమ్మా, నాకు దయ్యం పట్టిందనుకున్నావా?"

పొయ్యి దగ్గర్నుంచి అగ్నేష్కా అందుకుంది. "కొత్తవాళ్లెవరొచ్చినా చల్లుతాం బాబూ. దయ్యమైతే పారిపోతుంది, మనిషైతే కూర్చుంటాడు. కూర్చో."

అతను కూర్చున్నాడు. పోలిష్ వచ్చో లేదో చూడ్డానికి ప్రార్థన చెప్పమంటే రొజాలియా తల్లి నేర్పిన పోలిష్‌లో తడబడకుండా చెప్పింది. అతను డబ్బాల వైపు చూడనే లేదు. ఆమె చేతినే చూస్తున్నాడు.

"చెయ్యి వణుకుతోందే?"

"చలికండీ."

"ఎండాకాలంలోనా?"

ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. అతను ఇల్లు ఉంచుకొమ్మని కాగితం మీద ముద్ర గుద్ది లేచాడు. గడప దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "ఆ చేతిని కాస్త పట్టుకుని ఉండమ్మా. నా తర్వాత వచ్చేవాడికి నీళ్ల సరదా ఉండకపోవచ్చు."

ఇల్లు దక్కింది గానీ భయం వదల్లేదు. చప్పుడైతే చాలు, ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకునేది. తలుపు మోచేత్తో తీసేది. జనం నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ, ఇల్లు పోతే వాళ్లిస్తారా?

మంచు పడుతున్న ఒక ఉదయం మళ్లీ చప్పుడైంది. తీసింది. బూట్లు, టోపీ. మణికట్టు ఇంకా బిగించింది.

"రొజాల్కా."

ఆ ముద్దుపేరుతో పిలిచేవాడు ఒక్కడే. ఎముకల గూడై, గడ్డం మాసి, గుమ్మంలో నిలబడ్డాడు.

"చేతికేమైంది?" అన్నాడు విక్టోర్.

"వదిలితే ఏం చేస్తుందో నాకు తెలీదు" అంది. అంటూనే ఏడుపు తన్నుకొచ్చి పట్టు జారింది. కుడిచెయ్యి పైకి లేచిపోయింది.

అది చూడగానే విక్టోర్ బెదిరి, గనుల దగ్గర కాపలావాళ్లు తుపాకీ చూపినప్పుడల్లా చేసినట్టు, రెండు చేతులూ ఎత్తేశాడు.

అగ్నేష్కా కొడుకు గొంతు విని పరుగున వచ్చి, ఇద్దర్నీ చూసి ఆగిపోయింది. "దింపండర్రా" అంది. "ఇక్కడ మనమే ఉన్నాం."

ముందు ఎవరు దింపాలో ఇద్దరికీ తెలియలేదు.