ప్రార్థన వేళ కంచం కొట్టొద్దు

మణుగూరు బొగ్గు గని కార్మికుల కాలనీకి కంచాల పద్ధతిని సువర్ణ మేడమ్ తెచ్చింది. గృహహింస చట్టం వచ్చిన మరుసటి ఏడు అది. ఇళ్లలో దెబ్బలు ఆపడానికి ఏ ఉపాయం పనిచేస్తుందో పరిశోధించడానికి ఆమె హైదరాబాదు నుంచి వచ్చింది. ఏ ఇంట్లోనైనా భార్యను కొడుతున్నట్టు వినిపిస్తే, చుట్టుపక్కల ఆడవాళ్లు ఆ గడప ముందు నిలబడి, మగవాడు బయటికి వచ్చేదాకా గంటెలతో కంచాలు మోగించాలి. లోపలికి పోకూడదు, నీతులు చెప్పకూడదు. ఆడవాళ్ల గుంపుకు తబితా పెద్ద.

ఉపాయం పనిచేసింది. కంచాలు మోగిన ఇంటి మగవాడిని గని దగ్గర తోటివాళ్లు వదల్లేదు. "నిన్న మీ ఇంటి ముంగట బ్యాండు మేళమట గదనే! పెండ్లి ఎవరిదే?"

చర్చి మగవాళ్లు ఒక్కటే అడిగారు. కుటుంబ ప్రార్థన జరుగుతున్న ఇంటి ముందు మాత్రం మోగించొద్దు. ప్రార్థన మీద చప్పుడు చేయడం తబితాకూ ఇష్టం లేదు. ఆ మాట మీటింగులో ఆమే అందరికీ చెప్పింది.

తబితా పక్క క్వార్టర్ క్రిస్టోఫర్‌ది. ఒకప్పుడు కంచాలు మోగిన ఇల్లే. ఆదివారం తప్ప బైబిలు ముట్టనివాడు, ఇప్పుడు డ్యూటీ దిగి వచ్చాక తలుపు వేసి, కుటుంబ ప్రార్థన అంటూ పాట ఎత్తుకుంటున్నాడు. ఆ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. మారిన భర్తగా రేపటి మీటింగులో అతనితో మాట్లాడిస్తానని మేడమ్ అంది.

ఆ ఉదయం నల్లా దగ్గర అతని భార్య హెప్సిబా ఎడమ చేత్తో బిందె ఎత్తబోయి దించేసింది. కుడి ముంజేయి వాచి ఉంది.

"ఏమైంది చెల్లె?" అని అడిగింది తబితా.

"ఆయన గంత జోరుగ ఎందుకు పాడుతుండో ఎన్నడన్న అడిగినవా అక్కా?"

బిందె అక్కడే వదిలి వెళ్లిపోయింది.

సాయంత్రం పాట మొదలైంది. తబితా కంచం, గంటె తీసుకుని వీధిలోకి వచ్చి అందరినీ పిలిచింది. ఎదురింటి పుల్లమ్మ గుమ్మం దిగలేదు.

"పిచ్చి లేసిందా తబితమ్మా? ప్రార్థన మీద కొడ్తమా? వద్దన్నది నువ్వే గద!"

"అది ప్రార్థన కాదు పెద్దమ్మా."

"అయితే నాకు ఇనిపిస్తున్నదేంది, సినిమా పాటా?"

తబితా ఒక్కతే కొట్టింది. జనం చేరారు. పాట ఆగింది. క్రిస్టోఫర్ చేతిలో బైబిలుతో తలుపు తీశాడు.

"ప్రార్థనల ఉన్నం వదినా. రా, నువ్వు గూడ కూసో."

ఎవరో నవ్వారు.

"హెప్సిబాను పిలువు" అంది తబితా.

పిలిచాడు. హెప్సిబా కుడి చేతికి కొంగు చుట్టుకుని వచ్చింది. గుంపు వైపు చూసింది. ఒక్కరి చేతిలోనే కంచం ఉంది.

"ప్రార్థనే అక్కా" అంది.

తలుపు మూసుకుంది. పాట ఆగిన చరణం దగ్గరే మళ్ళీ మొదలైంది. ఈసారి హెప్సిబా గొంతు కూడా కలిసింది. మధ్యలో తెగుతోంది, మళ్ళీ అందుకుంటోంది.

"ఇన్నవా, ఎంత మంచిగ పాడుతుందో" అంది పుల్లమ్మ. "రేపు మీటింగుల ఇద్దరితోటి పాడిపిద్దాం."