ఫోన్‌లో వినపడని గిటార్

జనగామలో తొర్రూరు బస్సెక్కిన దేవేందర్‌కు కిటికీ పక్క సీటు దొరికింది. ఆ వెంటనే తన పాట కూడా వినిపించింది. వెనక సీట్లో ఒకావిడ ఫోన్‌లో పెట్టుకుని వింటోంది. యూట్యూబ్‌లోకి ఎక్కి వారం తిరక్కముందే జనం నెత్తిన పెట్టుకున్న పాట అది. పాడింది అతని చెల్లెలు రూప. వాయించింది తను. డప్పు లేదు, కీబోర్డు లేదు, ఒక్క ఎలక్ట్రిక్ గిటార్ అంతే. అలాగే ఉండాలని స్టూడియోలో పట్టుబట్టింది కూడా తనే. ఇన్నేళ్లూ జానపద పాటల్లో డప్పుల మోత కింద నలిగిపోయిన తన వాయిద్యాన్ని ఒక్కసారైనా జనం చెవులారా వినాలని అతని తపన.

అందుకే మనవాడు గర్వంగా చెవులు రిక్కించాడు. రూప గొంతు లేచింది. గిటార్ లేదు.

బస్సు చప్పుడేమో అనుకున్నాడు. బస్సు ఆగింది, ఎక్కేవాళ్లు ఎక్కారు, ఇంజను కాస్త నెమ్మదించింది. రూప పాడుతూనే ఉంది, గిటార్ మాత్రం లేదు. ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"అక్కా, జర ఫోన్ ఇస్తవా? ఒక్కసారి ఇని ఇస్త."

ఆవిడ అనుమానంగానే ఇచ్చింది. చెవికి ఆనించుకున్నాడు. ఎక్కడో దూరంగా దోమ గీపెడుతున్నట్టు సన్నటి రొద. రూప ఊపిరి తీసుకుంటే అందులో అది కూడా కలిసిపోతోంది.

"దీంట్ల గిటార్ ఉండాలె గదక్కా," అన్నాడు.

"గిటారేంది తమ్మీ? దీంట్ల ఏ వాయించుడు లేదు. వట్టి గొంతే. గందుకే మంచిగున్నది," అని ఆవిడ ఫోన్ తీసేసుకుంది.

దేవేందర్ తన ఫోన్ తీసి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గిటార్ ఉంది, నిండుగా, తల చుట్టూ తిరుగుతూ. ఇయర్‌ఫోన్లు పీకేశాడు, పోయింది. మళ్లీ పెట్టాడు, వచ్చింది. పక్కాయన ఇతనికి ఏమైనా తేడా చేసిందేమోనని కొంచెం జరిగి కూర్చున్నాడు. అంతలో దేవేందర్‌కు సంగతి తట్టింది. ఆ గిటార్‌ను మింగేసింది ఎవరో కాదు, తన చేతులే.

సంగతి ఇది. అతని గిటార్‌లో తీగల కింద రెండు పికప్‌లున్నాయి. తీగ కదలికను పట్టి కరెంటుగా మార్చి బయటికి పంపేవి అవే. మామూలుగా రెండూ ఒకే వైపు పనిచేస్తాయి. దేవేందర్ గిటార్ పొట్ట విప్పి, ఒక పికప్ తాలూకు రెండు వైర్లను తారుమారు చేసి సోల్డరింగ్ పెట్టాడు. ఇప్పుడు ఒకటి ముందుకు తోస్తే రెండోది వెనక్కి లాగుతుంది. అలా చేస్తే ముక్కుతో పాడినట్టుండే ఒక వింత గొంతు వస్తుంది, గిటార్ వాళ్లలో కొందరికి అదంటే పిచ్చి. అక్కడితో ఆగితే బాగుండేది. మనవాడు ఆగే రకం కాదు. ఒక పికప్‌ను ఎడమ చెవికి, ఇంకోదాన్ని కుడి చెవికి పంపేలా వేరువేరు దారులు వేశాడు. రెండింటి బలం సమానంగా ఉండాలని స్క్రూలు బిగించి, వదిలి, మళ్లీ బిగించి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేశాడు. హెడ్‌ఫోన్లలో వింటే ఒళ్లు పులకరించింది. కానీ ఒకే స్పీకరున్న ఫోన్‌లో ఆ రెండు దారులూ కలిసిపోతాయి. ఒకటి తోసిన దాన్ని ఇంకోటి లాగేసుకుంటుంది, చివరికి ఏమీ మిగలదు. ఎంత సమానంగా కుదిరిస్తే అంత శుభ్రంగా తుడిచిపెట్టుకుపోతుంది. విడుదలకు ముందు ఒక్కసారి ఫోన్‌లో విని ఉంటే తెలిసిపోయేది. తన గిటార్‌ను డబ్బా ఫోన్‌లో వినడం అవమానం అనుకున్నాడు మహానుభావుడు. పల్లెల్లో జనమంతా వినేది ఆ డబ్బా ఫోన్లలోనే మరి.

తొర్రూరులో దిగి, నడిచి ఊరికి చేరేసరికి ఇంకో భయం పట్టుకుంది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని సిద్ధంగా ఉంది, సోమవారం చేరాలి. మేనమామ బతిమాలి పెట్టించిన పని. "ఈ పాట రానీ అవ్వా. నా గిటార్ ఇన్నంక గూడ నువ్వు పొమ్మంటే పోత, మళ్ల దాన్ని ముట్ట," అని తల్లి ఉప్పలమ్మకు మాటిచ్చి ఉన్నాడు. గిటార్ వాయించడం కూడా ఒక పనే అని ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

ఉప్పలమ్మ వాకిట్లో కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకుని వింటోంది. పాట అసలు ఆమెదే, నాట్లేస్తూ పాడుకునేది. అత్తగారింట్లో పొలం గట్టు మీద నిలబడి, తీసుకుపోవడానికి అన్న వస్తాడని ఎదురుచూసే ఆడపిల్ల పాట.

"మంచిగున్నది బిడ్డ. శానసార్లు ఇన్న," అంది కొడుకును చూసి. "మరి నువ్వు వాయించింది ఎప్పుడొస్తది?"

దేవేందర్ ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, మొదటి నుంచి వినిపించాడు. ఉప్పలమ్మ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. ఆ కాసేపూ ఆమె ముఖం చూస్తూ అతను నిలబడ్డాడు.

"నీ చప్పుడు గూడ మంచిగనే ఉన్నది," అంది ఇయర్‌ఫోన్లు తీసి అతని చేతిలో పెడుతూ. "గని ఫోన్‌ల ఉన్నదే నయం. 'తొవ్వపొంటి వచ్చేది మా అన్నే గాదా' అని పిల్ల ఆగుతది సూడు, ఇగ ఏం ఇనరాదు. అన్న రాలే. గక్కడ నాకు పానం గుంజుకపోతది. దీంట్లనేమో నువ్వు టింగుటింగుమని వచ్చెస్తవ్."

ఆ టింగుటింగు కోసమే అతను ఏడాది కష్టపడ్డాడు. ఆ చోట గిటార్ మెల్లగా, దారి వెంట దూరం నుంచి నడిచి వస్తున్నట్టు మొదలై దగ్గరవుతుంది. అన్న వచ్చాడని పాటలో ఎక్కడా మాట లేదు, వచ్చాడని చెప్పేది ఆ వాయింపే. ఇప్పుడు ఆ వాయింపు పోయేసరికి అన్న రాకుండా పోయాడు. దేవేందర్ కూలబడి, పాట కింద జనం రాసినవి చదివాడు. ఎక్కడ చూసినా అదే. ఆమె ఆగిన చోట ఏడ్చాం, ఆ అమ్మాయికి దుఃఖం ముంచుకొచ్చింది, ఆ అన్న చనిపోయాడేమో. తను లేకపోవడమే వాళ్లకు అంత నచ్చింది.

మహబూబాబాద్‌లో బడిపంతులమ్మగా పనిచేసే రూప ఆ సాయంత్రం వచ్చింది. ఆమె కూడా పాటను ఇయర్‌ఫోన్లలోనే విన్నది. ఫోన్‌ను బయటికి పెట్టి వినిపించగానే ముఖం పాలిపోయింది.

"అన్నా, గిదేంది? నన్ను ఒక్కదాన్నే నిలబెట్టినట్టున్నది," అంది. జనం రాసింది చదివి ఇంకా బిత్తరపోయింది. "నాకు దుఃఖమొచ్చిందా? నువ్వు వాయిస్తుంటే నేను నవ్వుకుంట నిలబడ్డ గదా."

దేవేందర్ స్టూడియో యజమాని మల్లేశానికి ఫోన్ చేశాడు. తప్పు ఎక్కడుందో చెప్పి, రికార్డింగులో ఒక పికప్ దారిని తిరగేస్తే చాలు, గిటార్ తిరిగొస్తుందని, మళ్లీ ఎక్కిద్దామని అన్నాడు.

"తమ్మీ, నీకేమన్న పిచ్చా?" అన్నాడు మల్లేశం. "వట్టి గొంతు పాట అనే గదా జనం ఎగబడుతున్నది. ఆదివారం భూపాలపల్లిల సభకు రూపను పిలిసిన్రు. గిటార్ వద్దన్నరు. అన్న లేంది రానంటదని తెలుసు, నువ్వు గూడ రా. పక్కన కూసో, పట్టుకో, అంతే. తీగె ముట్టనని మాటియ్యి."

ఎదురు చెప్పాల్సింది. కానీ తల్లి చెప్పిన మాట ఇంకా లోపల కెలుకుతోంది. అందుకే మాటిచ్చేశాడు. చెల్లెలికి చెప్పలేదు, చెప్పే ముఖం లేక.

ఆదివారం లోపు గిటార్ పొట్ట మళ్లీ విప్పి, వైర్లను యథాస్థానంలో పెట్టి, రెండు దారులనూ ఒక్కటి చేశాడు. ఎందుకు చేశాడో అతనికే తెలియదు. వాయించేది లేనప్పుడు ఏ వైరు ఎటుంటే ఏమిటి?

భూపాలపల్లి బడి మైదానం పొద్దు వాలకముందే నిండింది. ముందు వరుసలో ఉప్పలమ్మ కూర్చుంది. దేవేందర్ వేదిక మీద ఒక మూల కుర్చీలో, ఒళ్లో గిటార్‌తో, ఉత్సవ విగ్రహంలా ఉన్నాడు. వైరు మాత్రం అలవాటు కొద్దీ మైకు డబ్బాకు తగిలించాడు.

రూప మొదలుపెట్టింది. మొదటి చరణంలో గిటార్ రాలేదు. ఒకసారి అటు చూసింది. రెండో చరణంలోనూ రాలేదు. మళ్లీ చూసింది. అతను తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆ చోటు వచ్చింది.

"తొవ్వపొంటి వచ్చేది మా అన్నే గాదా..."

ఆగింది. మైదానమంతా కిక్కురుమనలేదు. కొంగులు కళ్ల దగ్గరికి వెళ్లాయి. ఇన్నేళ్లలో తను వాయించిన దేనికీ జనం ఇలా ఊపిరి బిగబట్టి కూర్చోలేదని దేవేందర్‌కు అర్థమైంది. ఆ నిశ్శబ్దం తనకంటే మంచి వాయిద్యకారుడు. ఎంత అవమానమైనా నిజం అదే అనుకున్నాడు. రేపు చెల్పూర్ వెళ్లడమే మేలనుకున్నాడు. చెయ్యి తీగల మీద అడ్డంగా, అవి పొరపాటున కూడా కదలకుండా, గట్టిగా నొక్కి పెట్టాడు.

తర్వాతి చరణం మొదలుకావాలి. కాలేదు. రూప నోరు విప్పడం లేదు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వేదిక పక్కన మల్లేశం పాడమని చేతులు ఊపుతున్నాడు. రూప పూర్తిగా అన్న వైపు తిరిగింది. మైకు చేతిలోనే ఉంది.

"వాయించన్నా," అంది.

స్పీకర్లలో ఆ మాట మైదానమంతా వినిపించింది. దేవేందర్ తల అడ్డంగా ఊపాడు.

"నా అన్న సచ్చిపోయిండని వీళ్లందరు ఏడుస్తున్నరు. నువ్వు గీన్నే ఉన్నవ్. నువ్వు వాయించందాక నేను పాడ," అంది రూప, జనానికి వినపడుతుందన్న ధ్యాసే లేకుండా.

ముందు వరుసలో కొంగు కళ్లకద్దుకున్న ఉప్పలమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. దేవేందర్ అరచేతిని తీగల మీంచి ఎత్తాడు. మొదటి స్వరం తప్పిపోయింది. రెండోది పడింది. మెల్లగా, దూరం నుంచి నడిచి వస్తున్నట్టు గిటార్ మొదలైంది. అడుగడుగుకూ దగ్గరవుతూ పొలం గట్టు దాకా వచ్చింది.

వెనక వరుసల్లో కొందరు గొణిగారు. ఇది మేం విన్న పాట కాదని ఒకాయన పైకే అన్నాడు. ముందున్నవాళ్లు మాత్రం నోళ్లు తెరుచుకుని వేదికనే చూస్తున్నారు. గొంతు పూడుకుపోయి ఆగిపోతుందని తాము అనుకున్న అమ్మాయి అదే చోట నిలబడి, అన్నను చూస్తూ, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది.