ఏటిసింహం ముఖం

హైదరాబాదు నుంచి ఫోనొచ్చేసరికి కరిముల్లా అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఎవరో అమ్మాయి ఏటిసింహం గీసిన ఆర్టిస్టుగారు కావాలంటోందని నజీమా చెప్పింది. భార్య నోట ఆ పేరు వినగానే ఆయన ఎంగిలి చేత్తోనే లేచాడు. ఏటిసింహం గీయడం మానేసి ముప్ఫయ్యేళ్ళు దాటిపోయింది. ఆ తర్వాత ఆయన బతుకంతా దుకాణాలకు బోర్డులు రాయడంలోనే గడిచింది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పనీ పోయింది.

ఫోను చేసిన అమ్మాయి పేరు శాలిని. పాత పిల్లల పత్రికల్లో ఒక వెలుగు వెలిగి, ఇప్పుడు ఎవరికీ గుర్తులేని బొమ్మల కథల వీరులను మళ్ళీ జనంలోకి తేవాలని వాళ్ళ కంపెనీ పూనుకుందట. చొక్కాల మీదా కాఫీ కప్పుల మీదా అచ్చేస్తారట. అద్దాల బీరువాలో దాచుకోదగ్గ జానెడు బొమ్మలు చేయిస్తారట. పత్రిక నడిపిన సంజీవరావుగారు పోయారు గనక హక్కులు ఆయన కొడుకుల దగ్గర తీసుకున్నారట. అందరికంటే ముందు వచ్చేది ఏటిసింహమేననీ, విడుదల బెజవాడలోనేననీ, ముఖ్య అతిథిగా ఆయన రావాలనీ చెప్పింది.

కరిముల్లాకు ఆ సంతోషంలో మళ్ళీ అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే భవానీపురంలో బస్సెక్కి గుణదల వెళ్ళాడు. ఈ కబురు ముందుగా చెప్పవలసిన మనిషి ఆయనకు ఒక్కతే ఉంది. ఆమె తెరేసమ్మ.

తెరేసమ్మ తమ్ముడు శౌరయ్య ఒకప్పుడు సంజీవరావుగారి ప్రెస్సులో పత్రికలు కట్టలు కట్టేవాడు. దివిసీమలో సముద్రానికి దగ్గర పల్లె వాళ్ళది. నల్లగా, పొడుగ్గా, తాటిమొద్దులా ఉండేవాడు. పని దిగి భవానీపురం రేవులో దూకాడంటే లంక దాకా ఈదుకెళ్ళి వెనక్కి వచ్చేవాడు. కృష్ణ లంకల్లో దొంగల్ని పట్టే వీరుడి కథ గీయమని సంజీవరావుగారు అన్నప్పుడు కరిముల్లాకు ఇంకో మనిషి తోచలేదు. అణిగిన ముక్కు, కలిసిపోయిన కనుబొమలు, పెదవుల మధ్య ఇమడని పై పళ్ళు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు గీశాడు. ఎత్తుపళ్ళ వీరుడేమిటయ్యా, పిల్లలు నవ్విపోతారని సంజీవరావుగారు విసుక్కున్నారు. కరిముల్లా పట్టు వదల్లేదు. పిల్లలు నవ్వలేదు సరికదా, బందరు నుంచీ తెనాలి నుంచీ ఆ ఎత్తుపళ్ళాయనకే ఉత్తరాలు రాశారు. శౌరయ్యకు మాత్రం తగని సిగ్గు. కట్టలు కట్టేటప్పుడు అట్టమీది తన మొహం పైకి కనపడకుండా తిప్పి కట్టేవాడు.

డెబ్బయ్యేడులో కోతలకని ఊరెళ్ళాడు. అప్పుడే ఉప్పెన వచ్చింది. తల్లీ, తండ్రీ, శౌరయ్యా, ఇల్లూ, ఇంటి గోడకున్న ఒకే ఒక్క ఫొటో, అన్నీ ఊడ్చుకుపోయాయి. అంతటి ఈతగాడు, శవమైనా దొరకలేదు. బెజవాడ గుణదలలో సిస్టర్ల హాస్టల్లో వంట చేస్తూ ఉండబట్టి తెరేసమ్మ మిగిలింది. కరిముల్లా ఆ కథ ఇక గీయలేనని చెప్పేశాడు.

ఏటిసింహం నీళ్ళలోంచి తలెత్తి నవ్వుతున్న అట్ట ఒకటి తెరేసమ్మ దాచుకుంది. దానికి ఫ్రేము కట్టించి, మరియమాత పటం పక్కన పెట్టుకుంది. హాస్టల్లో ఆమె ఉండే గదికి చెమ్మ ఎక్కువ. ఏడాదికేడాది రంగు వెలిసిపోతూ వచ్చి, చివరికి నీళ్ళ నీలం మిగిలింది గానీ మొహం ఉన్నచోట తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. కరిముల్లా దగ్గరున్న సంచికలను చెదలు ఎప్పుడో తినేశాయి.

ఆయన చెప్పిందంతా ఆమె చేతిలో గరిటె పట్టుకునే వింది.

"మొహం వాడిదే పెడతారా అన్నయ్యా?" అని అడిగింది.

"నేను గీసిన మొహమేగా చెల్లెమ్మా. వాడిదే."

ఆమె గరిటె దించింది. హాస్టల్ పిల్లలకని వేయించిన పల్లీలు ఇన్ని పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది.

వేసవిలో శాలిని స్వయంగా భవానీపురం వచ్చింది. అట్టపెట్టె విప్పి, బొమ్మను రెండు చేతులతో తీసి బల్లమీద నిలబెట్టింది. ఆకుపచ్చ గోచీ, మొలలో కత్తి, మెడలో తాయెత్తు, అన్నీ కరిముల్లా గీసినవే. మొహం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఏమీ అర్థం కాలేదు. గోధుమరంగు ఒళ్ళు. పలకలు తేలిన దవడ. కోటేరేసినట్టున్న ముక్కు. బిగించిన పెదవులు, నవ్వన్నది లేదు.

"అమ్మా, ఇతనెవరు?" అన్నాడు.

ఆయన హాస్యమాడుతున్నాడనుకుని ఆ పిల్ల నవ్వింది. కాదని తెలిశాక సర్దుకుని చెప్పింది. పాత బొమ్మను పిల్లలకు చూపించి అడిగారట, ఎక్కువమందికి నచ్చలేదట. బొంబాయిలో డిజైనర్లు ఈ కాలానికి తగ్గట్టు మార్చారట. అప్పుడు కరిముల్లా శౌరయ్య సంగతి చెప్పాడు. ఉప్పెన సంగతీ, గుణదలలో రంగు వెలిసిన అట్ట సంగతీ చెప్పాడు. శాలిని చెడ్డపిల్ల కాదు. కళ్ళు తుడుచుకుంది. పైవాళ్ళతో మాట్లాడతానంది. మాట్లాడింది కూడా. నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి, అచ్చులు పోయడం అయిపోయిందనీ, సరుకు చైనా నుంచి ఓడెక్కేసిందనీ చెప్పింది. పోనీ ఆ పాత బొమ్మైనా పంపమంటే, సంజీవరావుగారి కొడుకుల దగ్గర దొరికిన ఒకే ఒక్క సంచికా బొంబాయిలో ఎక్కడో పోయిందంది. ఒక్కటంటే ఒక్క బొమ్మ పాత మొహంతో చేయించలేరా అని ఆయన బతిమాలాడు.

"నా చేతుల్లో ఉంటే చేసేదాన్ని అంకుల్," అంది శాలిని. ఆమె గొంతు విని ఆయనే ఫరవాలేదులేమ్మా అనవలసి వచ్చింది.

నజీమాకు ఒక ఆలోచన తోచింది. ఆటోనగర్‌లో డేనియల్ బస్సుల సొట్టలు తీసి, లప్పం పెట్టి, రంగులు వేస్తాడు. వేళ్ళలో నేర్పున్న మనిషి. అతని చేత మొహం దిద్దించమంది. కరిముల్లా బొమ్మను సంచిలో వేసుకుని వెళ్ళాడు. డేనియల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేమంత పని కాదన్నాడు. దవడ అరగదీసి, ముక్కూ పళ్ళూ లప్పంతో తీర్చేస్తానన్నాడు. అయితే తను ఆ మనిషిని చూసినవాడు కాదు గనక మొహం గీసి ఇమ్మన్నాడు.

కరిముల్లా అక్కడే ఒక టైరు మీద కూర్చుని పెన్సిలు తీశాడు. కనుబొమలు గీశాడు, ముక్కు గీశాడు. అణిగిన ముక్కేగానీ అది శౌరయ్య ముక్కు కాదు. తుడిచి మళ్ళీ గీశాడు. ముక్కు అణిగి ఉండేదని తెలుసు, పళ్ళు ఎత్తుగా ఉండేవని తెలుసు. ఆ తెలిసినవన్నీ ఒకచోట పెడితే ఎవడో ఒకడు తయారవుతున్నాడు గానీ శౌరయ్య రావడం లేదు. నెలనెలా గీసిన చెయ్యే ఇది. కళ్ళు మూసుకుంటే నీళ్ళ చప్పుడు గుర్తొస్తోంది, తడి వీపు గుర్తొస్తోంది. మొహం ఇటు తిప్పడం లేదు. ఎదురుగా బస్సుకు రేకు కొడుతున్న మోతలో ఆయన కాగితం తిరగేసి మళ్ళీ మొదలుపెట్టాడు. డేనియల్ టీ తెప్పించి, తొందరేం లేదు, ఇంటి దగ్గర నిదానంగా గీసి తెండి బాబాయ్ అన్నాడు.

విడుదల సంగతి ఆయన తెరేసమ్మకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. కానీ హాస్టల్లో ఎవరో పేపర్లో చదివి చెప్పారు. బందరు రోడ్డులో ఈ బొమ్మలు అమ్మబోయే షాపు ముందు వేదిక ఎక్కి కూర్చున్నాక జనంలో తెల్లచీరతో ఆమె కనపడింది. ఆమె పక్కనే మనిషంత ఎత్తు అట్టబొమ్మ నిలబెట్టి ఉంది. దాని మొహంలోకి ఆమె తలెత్తి చూస్తోంది. కిందికి దిగి వెళ్ళాలనుకున్నాడు. అప్పటికే భుజాల మీద శాలువా కప్పుతున్నారు, ఫొటోలవాళ్ళు ఇటు చూడమంటున్నారు.

కనీసం పేరైనా చెప్పాలనుకుని వచ్చాడు. మైకు ఇవ్వగానే, "ఈ వీరుడి అసలు పేరు శౌరయ్యండీ," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా ప్రెస్సువాడే, మన దివిసీమ వాడే అనబోయాడు. చప్పట్లు ఆగకముందే యాంకరమ్మాయి ధన్యవాదాలు చెప్పి మైకు అందుకుంది, పాట మొదలైంది.

ఆయన దిగి వచ్చేసరికి తెరేసమ్మ ఒక బొమ్మను చేతిలోకి తీసుకుని చూస్తోంది. వేలితో దాని నోరు తడిమింది. మళ్ళీ జాగ్రత్తగా అరలో ఉన్నచోటనే పెట్టేసింది.

"నన్ను క్షమించు చెల్లెమ్మా. నా మాట సాగలేదు," అన్నాడు కరిముల్లా.

"నువ్వేం చేస్తావులే," అందామె. తర్వాత చాలా మెల్లిగా అంది. "ఫొటో లేదన్న దిగులు నాకెప్పుడూ లేదన్నయ్యా. నువ్వు గీసిన బొమ్మ ఉందిగా అనుకునేదాన్ని. అది వెలిసిపోతున్నా మనసులో ఉందిలే అనుకున్నా. మొన్న హాస్టల్ పిల్లొకతి, ప్రచారానికని ముందే పంచారట, ఈ చొక్కా తొడుక్కొచ్చింది. అప్పట్నుంచీ తమ్ముణ్ణి తలుచుకుంటే వీడే వస్తున్నాడు."

కరిముల్లా భుజాల మీది శాలువా తీసి, మడిచి చంకలో పెట్టుకున్నాడు.

వానాకాలమంతా ఆయన గీస్తూనే ఉన్నాడు. బాగుందనిపించిన కాగితాలు పట్టుకుని గుణదల వెళ్ళేవాడు. తెరేసమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసేది. మొదట్లో ముక్కు ఇంకాస్త వెడల్పు అనో, గడ్డం ఇంత కోల కాదనో చెప్పేది. ఆయన అక్కడికక్కడే దిద్దేవాడు. దిద్దినకొద్దీ ఇంకెవరిలానో అయ్యేది. ఒకసారి నుదురు సరిగ్గా కుదిరిందని ఇద్దరూ అనుకున్నారు. కాసేపయ్యాక అదీ అనుమానమే అయింది. రానురాను ఆమె ఏమీ చెప్పకుండా, చూసి తిరిగి ఇచ్చేయడం మొదలుపెట్టింది.

ఒక రోజు ఆమె కాగితాలు ముట్టుకోలేదు కూడా.

"ఇంక తేవద్దన్నయ్యా. నువ్వు తెచ్చినవాటిని చూసి ఇది కాదు, ఇది కాదు అంటూపోతుంటే, అసలుదేదో నాకే తెలీకుండా పోతోంది," అంది.

ఆయన తలూపాడు. కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు. వెంటనే లేచి వెళితే బాగుండదనిపించింది. హాస్టల్ పిల్లలకు సెలవులెప్పుడిస్తారని అడిగాడు.

దసరాకని చెప్పింది తెరేసమ్మ. ఈసారి పది రోజులిస్తున్నారంది.