బావి లోతు ఎవరూ చూడలేదు

మా క్లాసులో పరీక్ష రాసి బయటికొచ్చినవాళ్ళు నవ్వకూడదు. ఎంత బాగా రాసినా తల వేలాడేసుకుని "పోయింది" అనాలి. బాగా రాశానని నిజం ఒప్పుకున్నవాణ్ణి మిగతావాళ్ళు నమిలి మింగేస్తారు. దీనంతటికీ కారణం కర్వ్. మా క్వాంటం మాస్టారు క్లాసులో అందరికన్నా ఎక్కువ వచ్చిన మార్కుని వందగా లెక్కేసి, మిగతావాళ్ళని దానికి తగ్గట్టు పైకి జరుపుతారు. పై మార్కు తగ్గితే అందరికీ పండగే. పెరిగితే మాత్రం అందరి కొంపా మునిగినట్టే.

ఆ పై మార్కు ప్రతిసారీ ఒకడిదే. అందుకే వాణ్ణి మీగడ అంటాం. ఎన్నిసార్లు కలిపినా పైకే తేలతాడు. నన్ను చిటపట అంటారు. ఎందుకో నాకు తెలియదు, ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు పరీక్ష అవగానే కాంటీన్లో మూల బల్ల దగ్గర చేరాం. వదిన అప్పటికే చేతులు తుడుచుకునే కాగితం పరిచి, పెన్ను తీసి, గ్రేడ్ల జోస్యానికి సిద్ధంగా కూర్చుంది. ఆమె పెళ్ళయ్యాక మళ్ళీ చదువుకోవడానికి వచ్చింది. క్లాసంతటికీ వదినే.

"నీకెలా ఉంది?" అని అడిగింది మీగడని.

"పోయింది."

"నీకు పోవడమంటే తొంభై అయిదా, తొంభై ఆరా?"

"నిజంగా పోయింది వదినా. అయిదోది ముట్టుకోనేలేదు."

"ఆపరా నీ నాటకాలు," అన్నాను. "కిందటిసారీ ఇలాగే ముక్కు చీది, ఆఖరికి మా నోట్లో మట్టి కొట్టావు."

వాడు నవ్వకుండా టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. పాపం అనిపించాల్సింది. నాకు ఇంకా కోపమొచ్చింది. నాకు ఈ పేపర్లో బి కావాలి. కిందటేడు సి వచ్చింది, ఇది రెండోసారి రాయడం. బి వస్తేనే మాస్టారి శీతల ప్రయోగశాలలోకి తీసుకుంటారు. అక్కడ లోహాల్ని చల్లార్చీ చల్లార్చీ, కరెంటు ఏ అడ్డూ లేకుండా పారేదాకా తీసుకెళ్తారు. తలుపుకున్న చిన్న గాజు పలకలోంచి ఏడాదిగా తొంగిచూస్తున్నాను. లోపలివాళ్ళు నన్ను చూసి చెయ్యి ఊపేంత పరిచయం కూడా అయిపోయింది. నాకు చెయ్యి ఊపడం అక్కర్లేదు, లోపలికి పోవాలి.

"నాలుగోది ఇచ్చింది మనుషులు కాదు," అంది వదిన. "రెండోది సగందాకా వచ్చి మొండికేసింది. మూడోది ఒక్కటే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది."

మూడోది బావి లెక్క. నిజం బావి కాదు. ఒక కణం శక్తి చాలక ఒక గుంటలో ఇరుక్కుంటుంది, ఆ గుంటని మేం బావి అంటాం. వెడల్పు ఇచ్చారు, లోతు ఇచ్చారు, బావిలో కణం రెండో మెట్టు మీద ఉంటే దాని శక్తి ఎంతో కట్టమన్నారు. ఒక సూత్రం వేస్తే చాలు.

"నీకు మూడోది పూర్తిగా వచ్చిందా?" అని నన్నడిగాడు మీగడ.

"రాక? దాన్ని పట్టుకునే కదా బి మీద ఆశ పెట్టుకున్నాను."

"అయితే మంచిదేలే," అని మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

తర్వాతి వారం పేపర్లు చూపించారు. చూపించిన రోజే, సాయంత్రంలోగా, ఫిర్యాదులుంటే మాస్టారికి చెప్పుకోవాలి. ఆ తర్వాత గ్రేడ్లు ఆఫీసుకి వెళ్ళిపోతాయి. వదినకి క్లాసులో పై మార్కు వచ్చింది. ఆమె సిగ్గుతో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని వెనకనుంచే నా గ్రేడు లెక్క కట్టింది.

"బొటాబొటీగా బి," అంది.

నేను ఎగిరి గంతేశాను. గంతేశాక మీగడ గుర్తొచ్చాడు. వాడు నిజంగానే కిందికి జారాడు. ఇంతకాలానికి దొరికాడు కదా అని చేతిలోంచి పేపరు లాక్కున్నాను.

మూడో లెక్కకి రెండు పేజీలు నింపాడు. బొమ్మ గీశాడు, గ్రాఫు వేశాడు, చివర ఒక వాక్యం రాశాడు: 'ఇంత తక్కువ లోతున్న బావిలో మొదటి మెట్టు ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు.' పక్కన ఎర్రగా సున్నా.

నవ్వబోయి ఆగాను. ప్రశ్నపత్రం తీసి లోతు చూశాను. నా జవాబు చూశాను. మేమంతా అంతులేని లోతున్న బావికి పనికొచ్చే సూత్రం వేసేశాం. అందులో వెడల్పు తప్ప లోతుతో పనే లేదు. నేను కట్టిన శక్తి బావి అంచు కన్నా పైనుంది. అంటే నా కణం ఎప్పుడో గట్టెక్కి వెళ్ళిపోయింది, నేను మాత్రం అది ఇంకా బావిలోనే ఉందని లెక్క రాశాను.

"ఒరే, నీదే రైటు."

"అరవకు."

"మాస్టారికి చెప్పావా?"

"చెప్తే పై మార్కు నాదవుతుంది. కర్వ్ మారుతుంది, నీ బి పోతుంది." వాడు పేపరు వెనక్కి తీసుకోబోయాడు. "నాకు 'ఏ' పోయి 'బి' వస్తుంది, అంతే కదా. ఎలాగూ లాబ్‌లోకి తీసుకుంటారు. ఇద్దరం వెళ్తాం."

నా బి నేను తెచ్చుకున్నది కాదు, వీడు జేబులోంచి తీసి ఇచ్చింది. వాడి చొక్కా చెయ్యి పట్టుకుని మాస్టారి గదిదాకా ఈడ్చుకెళ్ళాను.

మాస్టారు రెండు పేజీలూ చదివి, ప్రశ్నపత్రం తీసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"లోతులో ఒక సున్నా నేనే మింగేశాను, దిద్దేటప్పుడూ చూసుకోలేదు," అన్నారు. "ఇతనికి పూర్తి మార్కులు. సూత్రం వేసేసినవాళ్ళకి సగం. నేను తప్పు రాసినా, జవాబు అంచు దాటిందో లేదో మీరు చూడాలి కదమ్మా."

"చూడాలి సార్."

"ఫిర్యాదు ఎవరిది?"

"నాదే సార్."

"నీకే మార్కులు తగ్గుతాయి, తెలుసా?"

"తెలుసు సార్," అన్నాను.

బయట మెట్ల మీద వదిన కొత్త లెక్క కట్టింది. పై మార్కు పోయినందుకు ఆమెకి బాధేం లేదు, "ఒక గంట మహారాణిగా బతికాను, చాలు" అంది. నా లెక్క దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేసింది. పెన్ను మూతపెట్టి నా భుజం మీద చెయ్యి వేసింది. సి అని అర్థమైంది. అక్కడే కూర్చుని ఏడ్చాను, ముక్కు కారేలా ఏడ్చాను. నాకు ఆ లాబ్ ఎంత కావాలో అప్పుడు తెలిసింది.

మీగడ కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"నన్నెందుకు లాక్కెళ్ళావు? నోరు మూసుకుని ఉంటే ఈపాటికి లోపలుండేదానివి."

"లోపలుండి ఏం చెయ్యను? రోజూ నీ మొహం చూసినప్పుడల్లా, ఇది నాకు దానమిచ్చాడు అని గుర్తొస్తుంటే ఏం కొలుస్తాను?"

వాడు మెల్లగా, నా వైపు చూడకుండా అన్నాడు: "నేను నీకు దానమిద్దామనుకోలేదే. ఆ లాబ్‌లో ఒక్కణ్ణే ఉండాలంటే నాకు భయమేసింది."

"ఈ పరీక్ష మళ్ళీ రాసి నేనూ వస్తాను, వచ్చే ఏడాదిదాకా అక్కడే ఉండు," అన్నాను.